వంద క్యాండిల్ బల్బుతో మా నాయిన పోటీ

ప్రేమలత మేడం పోయారని తెలిసి, లింగంపల్లిలో వాళ్ళ చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకు వెళ్ళాను. ఆవిడ దగ్గర చదువుకుని ఆవిడలాగే సైన్సు టీచరైనదాన్ని అక్కడ నేనొక్కదాన్నే కావడంతో, వాళ్ళమ్మాయి నన్ను రెండు మాటలు చెప్పమంది. అప్పటికే మాట్లాడినవాళ్ళు మేడం ఓర్పు గురించి, ప్రార్థన గురించి, పాటల బృందంలో ఆవిడ గొంతు గురించి చెప్పారు. నేను మైకు ముందు నిలబడ్డాను. మేడం అనగానే నాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది, ఆవిడ మా నాయినను బడిలో ఆటసామాన్ల గదిలో నిలబెట్టి గంటసేపు తలుపు మూయించడం. దాన్ని చర్చిలో ఎలా చెప్పాలో తెలియలేదు. "చాలా మంచి టీచరండి" అనేసి దిగిపోయాను. ఇంటికి వచ్చేదాకా సిగ్గుగానే ఉంది. మంచి టీచర్లు నాకు చాలామందే ఉన్నారు. తండ్రిని బల్బుతో పోటీకి దింపిన టీచరు మాత్రం ఆవిడొక్కరే.

అప్పట్లో మేము కొత్తగూడ చౌరస్తా వెనక సందులో ఒక రేకుల గదిలో కిరాయికి ఉండేవాళ్ళం. మాది పాలమూరు వైపు. నాయిన పేరు ఎల్లయ్య. ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. అమ్మ బాలమణి అదే ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేసేది. ఇద్దరూ కలిసే బయలుదేరేవాళ్ళు కానీ, నాయిన ముందు గేటుకు, అమ్మ వెనక గేటుకు పోయేవాళ్ళు. తెల్లవారుజామున అమ్మ జొన్నరొట్టె కొడుతున్న చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆ రొట్టెల వాసనలో ఎంతో కొంత ఫినాయిల్ వాసన కలిసి ఉండేది. ఎన్నిసార్లు కడిగినా అమ్మ చేతులను అది వదిలేది కాదు. నాయిన రాత్రి పరుపు కింద మడతపెట్టి పడుకున్న ప్యాంటును తీసి, మడత నిటారుగా వచ్చిందో లేదో వేలితో తడిమి చూసుకునేవాడు. బూట్లకు కొబ్బరినూనె రాసేవాడు. దాంతో ఎండ ఎక్కేకొద్దీ ఆయన కాళ్ళ చుట్టూ చీమలు చేరేవట. సాయంత్రం ఇంటికి రాగానే నేలమీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ గోడమీదికి చాపి అరగంట అలాగే ఉండేవాడు. ఆ అరగంటా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. గోడకు ఆయన మడమల గుర్తులు రెండు నల్లగా పడి ఉండేవి. పండక్కి అమ్మ సున్నం కొట్టిస్తే వారం లోపల మళ్ళీ తేలేవి.

మా బడి సర్కారు హైస్కూలు. తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పడానికి ప్రేమలత మేడం వచ్చారు. భీమవరం వైపు మనిషి. మమ్మల్ని కూడా "కూర్చోండమ్మా", "చెప్పండి బాబూ" అనేవారు. అంతకుముందు మమ్మల్ని అట్లా మర్యాదగా పిలిచినవాళ్ళు లేకపోవడంతో, మొదటి వారమంతా మా వెనక ఎవరైనా పెద్దవాళ్ళు నిలబడ్డారేమోనని తిరిగి చూసుకునేవాళ్ళం. పుస్తకంలో ఉన్నదేదీ చేసి చూడకుండా నమ్మకూడదని ఆవిడ పట్టుదల. శక్తి పాఠం మొదలుపెట్టిన రోజు నలభైమందిమీ అరచేతులు రుద్దుకుని, వరసగా వచ్చి చల్లనీళ్ళున్న ఒకే స్టీలు గ్లాసును పట్టుకోవాలి. నీళ్ళు ఎంత వేడెక్కాయో థర్మామీటరు చెబుతుంది. నలభైమంది చేతులు రుద్దుతున్న చప్పుడును చప్పట్లనుకుని హెడ్మాస్టరు గారు పరిగెత్తుకొచ్చి, "మంత్రి గానీ వస్తున్నాడా? నాకు చెప్పలేదేం?" అన్నారు. ఇంకోరోజు మధ్యాహ్న భోజనం వండే గుండిగ మూతకు చిల్లు పొడిచి, ఆ ఆవిరితో కాగితం చక్రాన్ని తిప్పించారు. చక్రం తిరిగింది కానీ, అన్నం ఉడకలేదు. వంటమనిషి ఆ తర్వాత మేడంను వంటగది ఛాయలకు రానివ్వలేదు.

ఆ వరసలోనే ఒక ఇంటిపని ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక రోజులో చేసే పనిని లెక్కకట్టి తీసుకురావాలి. బలాన్ని స్థానభ్రంశంతో గుణిస్తే పని వస్తుంది. వస్తువును ఎంత ఎత్తుకు లేపారో, ఎంత దూరం తోశారో చూడాలి. నాకు లెక్కలంటే ప్రాణం. అమ్మను కూర్చోబెట్టి అడిగాను. నీళ్ళ బకెట్టు బరువు పదిహేను కిలోలు, మోసేది నాలుగంతస్తులు, రోజుకు ఆరుసార్లు. లిఫ్టు ఉన్నా అది ఆఫీసువాళ్ళకే. పదివేల ఎనిమిది వందల జౌళ్ళ పని తేలింది. నాయిన కాళ్ళు గోడమీంచి దింపి అన్నం ముందు కూర్చోగానే, రెండో లెక్క గట్టిగా చదివాను.

"ఎల్లయ్య. నిలబడుట. స్థానభ్రంశం సున్నా. పని సున్నా."

నాయిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "సున్నానా?"

"అవు నాయినా. నువ్వు పొద్దంతా ఒక్కతాన్నే ఉంటవు గద. కదలవు."

"కదిలితే నౌకరి పోతది బిడ్డా."

"గందుకే సున్నా."

అమ్మ నవ్వింది. నవ్వకుండా ఉంటే బాగుండేదేమో. "పెండ్లయిన కాడికెల్లి నేను చెప్తనే ఉన్న. ఇగ ఇయ్యాల సైన్సోళ్ళు గూడ చెప్పిన్రు" అంది. నాయిన చెయ్యి కడుక్కుని లేచాడు. పొద్దున రొట్టె పెడితే, కంచాన్ని అమ్మ వైపు జరిపి, "పని చేసెటోళ్ళు తినుండ్రి. సున్నాకు రొట్టె ఎందుకు?" అన్నాడు. నేను ఏదో జోకు అనుకున్నాను. రెండురోజులు చాయ్ మీదే ఉన్నాడు. మా పక్కగది మైసయ్య కూలిపనికి పోయేవాడు. లారీ నుంచి సిమెంటు బస్తాలు నెత్తిమీద పెట్టుకుని కలిపే యంత్రం దాకా నడవడం ఆయన పని. బస్తా పైకి లేవదు కాబట్టి, చదునైన నేలమీద మోసేవాడి పనీ సున్నాయేనని ఆయన కొడుకు మా బడిలోనే లెక్కకట్టాడు. సాయంత్రాలు ఆ ఇద్దరూ సందు చివర పిట్టగోడ మీద పక్కపక్కన కూర్చుని రోడ్డు వైపు చూసేవాళ్ళు. అమ్మ మాత్రం నీళ్ళ పంపు దగ్గర కలిసినవాళ్ళందరికీ తన పదివేల ఎనిమిది వందల సంగతి చెప్పింది.

మూడోరోజు నాయిన పని చేయాలని నిశ్చయించుకుని డ్యూటీకి వెళ్ళాడు. ఆ గేటుకు అడ్డంగా ఇనుప గొట్టం ఒకటి ఉండేది. అవతలి కొసకు బరువు కట్టి ఉండటం వల్ల తాడు కొంచెం లాగితే చాలు, దానంతటదే లేచేది. నాయిన ఆ బరువును విప్పి పక్కన పెట్టాడు. ప్రతి కారుకూ గొట్టాన్ని రెండు చేతులతో భుజం దాకా ఎత్తాడు. గార్డు గది ముందు ఒక మెట్టు ఉంటే, దానిమీదికెక్కి సలాం కొట్టి, దిగి, మళ్ళీ ఎక్కాడు. లోపలికి వచ్చేవాళ్ళ బ్యాగులను తనిఖీ పేరుతో నెత్తి దాకా లేపి దించాడు. కార్ల వరస చౌరస్తా దాకా పోయింది. ఒకాయన కారు అద్దం దించి, ఇక్కడ వ్యాయామ శిబిరం ఎప్పుడు మొదలైందని అడిగాడట. సూపర్వైజర్ ఉరుక్కుంటూ వచ్చాడు.

"ఏంది ఎల్లయ్యా? దిమాఖ్ గిట్ల కరాబయిందా?"

"పని చేస్తున్న సార్."

"గిదేం పని?"

"ఇన్నొద్దులు చెయ్యలే సార్. ఇయ్యాల్టి సంది చేస్తున్న."

నాయిన అబద్ధం చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు చెప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. సూపర్వైజర్ రిపోర్టు పుస్తకం తీసి, ఇన్నాళ్ళూ తాను ఏ పనీ చేయలేదని గార్డు స్వయంగా ఒప్పుకున్నాడని రాశాడు. మూడురోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, అప్పటిదాకా గేటు దగ్గరికి రావద్దన్నాడు. సంజాయిషీ నచ్చకపోతే తీసేస్తారని వేరే చెప్పక్కర్లేదు. అమ్మ నవ్వు అక్కడితో ఆగింది. ఆ సాయంత్రం నాయిన కాళ్ళు గోడకు చాపలేదు. నిలబడని రోజున ఆ హక్కు తనకు లేదనుకున్నాడో ఏమో, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను లెక్కల నోటుపుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచేశాను.

మర్నాడు పాఠం మధ్యలో తరగతి గుమ్మంలో నాయిన కనిపించాడు. పూర్తి యూనిఫాంలో, టోపీతో సహా. నేను బల్ల కిందికి దిగిపోవాలనుకున్నాను.

"ఎవరండీ?" అన్నారు మేడం.

"సున్నా అంటే నేనే మేడం. స్వరూప వాళ్ళ నాయినను."

మేడం చేతిలో సుద్దముక్క విరిగింది. కుర్చీ చూపించారు. నాయిన కూర్చోలేదు. జరిగిందంతా చెప్పాడు. మేడం ముఖం ఎర్రబడింది. "మీరేం అనుకోకండి. అది పుస్తకంలో పని అనే మాటకు పెట్టుకున్న అర్థమండి. మామూలుగా మనం అనుకునే పని వేరండి" అంటూ మొదలుపెట్టారు. నాయిన ఓపిగ్గా విని, ఒకే ఒక్క మాట అడిగాడు.

"సున్నా అయితే మరి నా కాళ్ళెందుకు గుంజుతయి మేడం? జర అది చెప్పుండ్రి చాలు."

నలభైమందిమీ ఆవిడ వైపే చూస్తున్నాం. నిలబడినా కండరాలు శక్తిని ఖర్చుపెడుతూనే ఉంటాయని, తిన్న తిండి ఒంట్లో వేడిగా మారి బయటికి పోతుందని ఆవిడ ఒక్క ముక్కలో చెప్పి పంపించి ఉండొచ్చు. నేనైతే ఇవాళ అదే చేస్తాను. ఆవిడ కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, "నేను చెబితే మీరు నమ్మడమెందుకండి? చేసి చూద్దాం" అన్నారు.

ఆటసామాన్ల గది చిన్నది. కిటికీ లేదు, పైన ఒక గాలి సందు ఉంది. చాపలూ విరిగిన బల్లలూ బయటపెట్టించారు. ఆ రోజు మధ్యాహ్నం అందులో వంద క్యాండిల్ బల్బు, అంటే వంద వాట్లది, వేలాడదీసి, తలుపు మూసి, గంటసేపు వెలిగించారు. పది నిమిషాలకోసారి బల్ల మీదెక్కి సందులోంచి థర్మామీటరు చూసి రాసుకున్నాం. మర్నాడు అదే వేళకు, అదే గదిలో, బల్బు చోట మా నాయిన. గది ఎంత వేడెక్కుతుందో చూడాలి. హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నారు. "పిల్లల తండ్రిని గదిలో పెట్టి మూయమని రూలెక్కడుందమ్మా?" అంటే, మేడం చాలా వినయంగా, "మూయకూడదని ఉందాండీ?" అన్నారు. చివరికి నాయిన చేత కాగితం రాయించుకున్నారు: నన్ను గదిలో ఉంచుటకు నాకెట్టి అభ్యంతరం లేదు, తలుపునకు గడియ పెట్టరాదు. హెడ్మాస్టరు గారు ఒక గ్లూకోజు పొట్లం చేతిలో పట్టుకుని గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నారు.

మా సందు సందంతా వచ్చింది. బల్బు మీద గెలవాలని అమ్మ ఆ పొద్దున మూడు రొట్టెలు బలవంతంగా తినిపించింది. నాయిన టోపీ సర్దుకుని లోపలికి పోయి, గేటు దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు. తలుపు మూశారు. పది నిమిషాలకు డిగ్రీ పెరిగింది. బయట చప్పట్లు. మైసయ్య మేడం దగ్గరికొచ్చి, ఎల్లయ్య అయిపోయినంక తనను కూడా పెట్టమని, తాను రెండు బల్బులకు సమానమని చెప్పాడు. సంజాయిషీ బడిలో ఇస్తాడని అమ్మ కబురు పెట్టడంతో, నలభై నిమిషాలు కాగానే సూపర్వైజర్ వచ్చాడు.

"ఎల్లయ్య ఏడున్నడు?"

"లోపలున్నారండి. ఇంకా ఇరవై నిమిషాలు పడుతుంది" అన్నారు మేడం.

"ఏం చేస్తుండు?"

"నిలబడ్డారండి."

సూపర్వైజర్ బల్ల ఎక్కి సందులోంచి చూశాడు. పై అధికారి ముఖం కనబడగానే నాయిన బూటు నేలకేసి కొట్టి సలాం చేశాడు. పిల్లలందరం ఒక్కసారే అరిచాం: "నాయినా కదలకు!" "అంకుల్ చెయ్యి దించుండ్రి, స్థానభ్రంశం!" సూపర్వైజర్ బల్లమీద నిలబడే జవాబు సలాం చేసి, ఎందుకు చేశాడో తెలియక దిగిపోయాడు.

గంట కాగానే మేడం తలుపు తీశారు. గదిలోంచి వేడి ముఖానికి తగిలింది. నాయిన గుమ్మం దాటబోతూ తూలాడు. నేను దగ్గరగా ఉండటంతో చెయ్యి పట్టుకున్నాను. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి, జ్వరం వచ్చినవాడిలా కాగిపోతున్నాడు. తొమ్మిదో తరగతికి వచ్చాక నాయినను నేను ముట్టుకున్నది అదే మొదలు. ఆయన అంత వేడిగా ఉంటాడని నాకు తెలియదు. ఆ క్షణంలో నాకు వచ్చిన ఏడుపును, గెలిచామనే సంతోషం అనుకున్నారందరూ.

గెలవలేదు. బల్బు గదిని నాలుగున్నర డిగ్రీలు వేడెక్కిస్తే, నాయిన నాలుగే వేడెక్కించాడు. "ఓడిపోయిన్నా?" అన్నాడు నాయిన, మేడం వైపు చూసి. మేడం ఆయన టోపీ అడిగి తీసుకున్నారు. అందరి ముందూ రెండు చేతులతో పట్టుకుని పిండారు. చెమట బొట్లు బొట్లుగా గచ్చుమీద పడింది. "బల్బుకు చెమట పట్టదు కదండీ. మీ వేడి కొంత ఈ చెమటను ఆవిరి చేయడానికి పోయింది. ఆ అర డిగ్రీ ఇక్కడుందండీ" అన్నారు. ఆవిడ చేతులమీద ఆ చెమట అలాగే ఉంది, తుడుచుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రయోగంలో వంద తప్పులు పట్టగలను. రెండోరోజు మబ్బు పట్టింది. గాలి సందు దగ్గర నలభైమందిమి ఊపిరి వదులుతున్నాం. ఆ తప్పులన్నీ కలిసి లెక్కను ఎటు జరిపాయో ఆ పైవాడికే తెలియాలి. అయినా అంత నిజమైన ప్రయోగాన్ని నేను మళ్ళీ చూడలేదు.

హెడ్మాస్టరు గారు బడి ముద్ర వేసి కాగితం ఇచ్చారు: ఎల్లయ్య కదలక నిలబడిన సమయమున సుమారు వంద క్యాండిల్ బల్బుకు సమానమైన శక్తిని వ్యయము చేయుచున్నట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. సూపర్వైజర్ దాన్ని రెండుసార్లు చదివి, మేడంను అడిగాడు.

"నిలబడితే వంద క్యాండిల్. మరి కూసుంటే?"

"కొంచెం తగ్గుతుందండి."

సూపర్వైజర్ కాసేపు గ్లూకోజు పొట్లం వైపు చూస్తూ ఆలోచించాడు. ఆ నెల వాళ్ళ ఆఫీసులో ఇంధన పొదుపు కార్యక్రమం నడుస్తోందట. ప్రతి విభాగమూ ఏదో ఒకటి ఆదా చేసి చూపించాలి. ఏసీలవాళ్ళు ఏసీలు తగ్గించారు, లైట్లవాళ్ళు లైట్లు ఆర్పారు, సెక్యూరిటీ వాళ్ళ దగ్గర మాత్రం ఆర్పడానికి ఏమీ లేక ఆయన పరేషాన్‌లో ఉన్నాడు. వారం తిరక్కుండా గేటు దగ్గరికి ఒక ఇనుప స్టూలు వచ్చింది. దానిమీద తెల్లరంగుతో 'ఇంధన పొదుపు' అని రాసి ఉంది. నాయిన నౌకరి నిలబడింది, నాయిన కూర్చున్నాడు. అయితే కూర్చుని సలాం ఎలా కొట్టాలో ఆయనకు తెలియదు. కారు వస్తే లేచేవాడు, పోగానే కూర్చునేవాడు. నేను బియ్యం డబ్బా వెనకనుంచి నోటుపుస్తకం తీశాను. అరవై కిలోల మనిషి, లేచినప్పుడల్లా సుమారు నలభై సెంటీమీటర్లు, రోజుకు రెండువందల కార్లు. నలభై ఎనిమిది వేల జౌళ్ళు. చదివి వినిపించాను. అమ్మ లేచి వెళ్ళి నాయిన ప్యాంటును తనే మడతపెట్టి పరుపు కింద పెట్టింది. "గంత పని చేసినోడు అలిసిపోతడు గద" అంది. నాయిన రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

ఇప్పుడు నేను నిజాంపేటలో ఒక పెద్ద బడిలో శక్తి పాఠం చెబుతున్నాను. మాకు గోడంత తెర ఉంది. వేలితో తాకితే బొమ్మమనిషి బస్తా ఎత్తుతాడు, పక్కన జౌళ్ళు వాటంతటవే పడతాయి. ఆ బొమ్మకు చెమట పట్టదు, వాళ్ళ నాయినలెవరూ గుమ్మంలోకి వచ్చి నిలబడరు. పిల్లలకు మార్కులు మాకంటే చాలా ఎక్కువ వస్తున్నాయి, అది కాదనను. మేడం కూడిక నుంచి వస్తూ ఎందుకో కొత్తగూడ దగ్గర దిగిపోయాను. మా సందు లేదు, నాయిన కాపలా కాసిన ఆఫీసూ లేదు. ఆ చోట ముప్ఫై అంతస్తుల అద్దాల మేడ ఉంది. గేటుకు అడ్డంగా ఉన్న కర్ర, బండి నంబరు చూసి తనే లేస్తోంది. దాని పక్కన పాతికేళ్ళ కుర్రాడొకడు యూనిఫాంలో నిటారుగా నిలబడి ఉన్నాడు. గేటు తీసే పని కూడా అతనికి లేదు. పది నిమిషాలు చూశాను. ఒక కాలి బరువు ఇంకో కాలిమీదికి మార్చుకోవడం తప్ప అతను కదల్లేదు. ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళి అడిగాను.

"తమ్ముడూ, కాళ్ళు గుంజుతలేవా? జరసేపు కూసోరాదు?"

అతను నా వైపు వింతగా చూశాడు. తర్వాత అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా నున్నటి నల్లరాయి, నీటి ఫౌంటెన్, పట్టపగలు వెలుగుతున్న లైట్లు.

"దేని మీద మేడం?" అన్నాడు.